ఎర్రగడ్డలో పచ్చరంగు

దసరా వచ్చిందంటే మన జూనియర్ కాలేజీల్లో మైక్రోస్కోపుకు దర్శనభాగ్యం కలుగుతుంది. పిల్లలకు మైక్రోస్కోపు దర్శనం కాదండోయ్, మైక్రోస్కోపుకు పిల్లల దర్శనం. ఏడాది పొడుగునా బీరువాలో ప్లాస్టిక్ కవరు కప్పుకొని కూర్చున్న ఆ తల్లిని అటెండర్ భద్రంగా బయటికి తీసి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, బల్ల మీద నిలబెడతాడు. విభూది మూడు గీతలు. ఐపీస్ మీద కుంకుమ బొట్టు, ఆబ్జెక్టివుల మీద తలా ఒకటి, కింద అద్దానికి ఇంకొకటి. కర్పూరం వెలుగుతుంది, బొరుగులు, బెల్లం, శనగపప్పు పంచుతారు. చేతులు దులుపుకొన్నాక అమ్మవారు మళ్లీ బీరువా ఎక్కుతుంది. ఐపీస్ మీది కుంకుమ అట్లాగే ఉండిపోతుంది. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ నాడు ఎవడైనా పొరపాటున అందులోంచి తొంగి చూస్తే అంతా ఎర్రగా కనబడుతుంది. శాఫ్రనిన్ రంగు బాగా పట్టిందని రాసేస్తాడు. మార్కులు పడతాయి.

పూజ తప్పని నేననడం లేదు. మా ఊరు పాకాల బజారులో మోటారు సైకిళ్లు బాగుచేసే మెకానిక్కు కూడా ఆ రోజు స్పానర్లకు బొట్టు పెడతాడు. తెల్లవారితే ఆ స్పానర్లే చేతబట్టి బండి కింద దూరతాడు. ఆయుధపూజంటే ఏమిటో అతనికి తెలుసు. మన ల్యాబుల్లో మాత్రం ఒక్కసారి బొట్టు పెట్టించుకున్న పనిముట్టు దేవతైపోతుంది. పిల్లలు ముట్టుకుంటే మైల.

ముట్టుకోకుండా సైన్సు నేర్పే ఈ విద్యకు మన దగ్గర ఒక పవిత్ర గ్రంథం ఉంది. దాని పేరు రికార్డు. బైపీసీ చదివే పిల్లవాడి బోటనీ రికార్డు తీసి, ఉల్లిపొర కణాల పేజీ దగ్గర ఆగండి. కుడివైపు గీతల కాగితం మీద ఉద్దేశం, పరికరాలు, చేసే విధానం, పరిశీలన. ఎడమవైపు తెల్లకాగితం మీద హెచ్‌బీ పెన్సిలుతో బొమ్మ. బొమ్మంటే బొమ్మే. కణకవచం, ప్లాస్మాత్వచం, కేంద్రకం, కేంద్రకంలో కేంద్రకాంశం, గాల్జీ సంక్లిష్టం, మెలికలు తిరిగిన క్రిస్టేతో సహా నాలుగు మైటోకాండ్రియాలు, వాటి పక్కన ముచ్చటగా మూడు హరితరేణువులు. వాటికి ఆకుపచ్చ రంగు కూడా వేసి ఉంటుంది. కింద లెక్చరర్‌గారి ఎర్రసిరా టిక్కు, తేదీ, సంతకం.

ఉల్లిగడ్డను మా వైపు ఎర్రగడ్డ అంటాం. సంగటిలోకి ఎర్రగడ్డ కొరుక్కు తినే ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది, దాని పొరలో పచ్చరంగు ఉండదని. మట్టిలో దాక్కొని పెరిగే గడ్డ అది. ఎండ తగలని చోట కిరణజన్య సంయోగక్రియ పని ఉండదు కాబట్టి ఆ కణాల్లో హరితరేణువులూ ఉండవు. చదువురాని అవ్వకు తెలిసింది ఎంఎస్సీ చదివిన టిక్కుకు తెలియకనా? తెలుసు. కానీ ‘వృక్షకణం’ అని పాఠంలో ఒక బొమ్మ ఉంది, అందులో హరితరేణువులున్నాయి. పాఠం ఒకటి చెప్పి గడ్డ ఇంకొకటి చెబితే గడ్డే దిద్దుకోవాలి మరి.

ఇక ఆ క్రిస్టే సంగతి. మామూలు కాంతితో పనిచేసే మైక్రోస్కోపు ఎంత మంచిదైనా, సుమారు 0.2 మైక్రోమీటరు కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపలేదని ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే లెక్కగట్టి చెప్పాడు. అది కటకం చేసినవాడి లోపం కాదు, వెలుగు స్వభావమే అంత. మైటోకాండ్రియా లోపలి మడతలు ఆ హద్దుకు చాలా కింద ఉంటాయి. వాటిని జార్జ్ పలాడే 1950ల మొదట్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెట్టి చూశాడు. కణం లోపలి నిర్మాణం మీద చేసిన పనికి 1974లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ పంచుకున్నాడు. మన పిల్లలో? అద్దం మీద కుంకుమ బొట్టున్న మైక్రోస్కోపులో, అదీ బీరువాలోంచి దింపకుండానే, క్రిస్టేను మెలికలతో సహా చూసి, స్కెచ్ పెన్ను లేకుండా పెన్సిలుతోనే గీసేస్తున్నారు. స్టాక్‌హోమ్‌కు ఎవరైనా కబురు పెట్టండయ్యా.

నిజంగా చూస్తే ఏం కనబడుతుందో చెప్పకపోతే ఈ తిట్టంతా గాలికి పోతుంది, అందుకని చెబుతాను. గడ్డను నాలుగు ముక్కలు కోసి, ఒక పొర తీసి, దాని లోపలి వైపు గోటితో గిల్లితే సన్నటి తెర లేచి వస్తుంది. స్లైడు మీద నీటి చుక్క వేసి, ముడతలు పడకుండా ఆ తెరను పరిచి, అయోడిన్ చుక్క పెట్టి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ముందు ఆనించి సూదితో మెల్లగా వాల్చాలి. దబ్బున వదిలితే గాలి బుడగలు చిక్కుకుంటాయి. తర్వాత 10 రెట్ల ఆబ్జెక్టివ్ తిప్పి కన్ను పెడితే మొదట కనబడేది తన కనురెప్ప వెంట్రుకలే. అద్దం తిప్పితే వెలుగు వస్తుంది. మర తిప్పితే నల్లటి అంచుతో, కాంపాస్‌తో గీసినంత గుండ్రంగా ఒకటి తేలుతుంది. కొత్తవాళ్లందరూ ‘కణం, కణం’ అని కేకేసేది దాన్ని చూసే. అది గాలి బుడగ. స్లైడును ఎడమకు జరిపితే బొమ్మ కుడికి పోతుంది, పైకి జరిపితే కిందికి. విసుగొస్తుంది. విసుగు పుట్టాక, మర ఇంకో వెంట్రుకవాసి తిరిగినప్పుడు, బారుబారు గదులు వరసలు కట్టి కళ్లముందు నిలుస్తాయి. ఒక్కో గది పొడవు మిల్లీమీటరులో నాలుగోవంతుకు అటూఇటూ. గదిలో ముప్పాతిక భాగం ఖాళీగా కనబడుతుంది, అది రిక్తిక. దాని ఒత్తిడికి కేంద్రకం ఒక గోడకు అతుక్కొని, అయోడిన్ తాగి, పసుప్పచ్చ చుక్కలా ఉంటుంది. అంతే. గాల్జీ లేదు, క్రిస్టే లేదు, ఆకుపచ్చ అసలే లేదు.

మా బంధువుల పిల్ల ఒకతె ఇంట్లో ఎవరో కొనిచ్చిన చిన్న మైక్రోస్కోపులో ఇది చూసింది. చూసింది చూసినట్టు రికార్డులో గీసింది. గదులు, గోడలు, మూలకు నక్కిన కేంద్రకం, ఒక పక్క రెండు గాలి బుడగలు కూడా, ‘గాలి బుడగ’ అని పేరు రాసి మరీ. ఆ రికార్డు దిద్దిన పెద్దమనిషికీ ఆమెకూ జరిగిన మాటలివి.

“ఇదేందిమ్మా, అంతా ఖాళీగా ఉండాది?”

“కనిపించింది అంతే సార్.”

“కనిపించింది గీస్తే ఎట్ల? గైడులో ఉండేది గీయాల. మళ్లీ గీసుకోని రా.”

గీసుకొని పోయింది. మూడు హరితరేణువులు. టిక్కు పడింది.

దీన్ని ఒక్క మనిషి తప్పుగా తీసుకుంటే ఆయనకు అన్యాయం. ఆయన కూడా చదువుకున్న రోజుల్లో కనిపించింది గీసి తిట్లు తిన్నవాడే అయ్యుంటాడు. సొంత డబ్బుతో ఎర్రగడ్డలు కొనుక్కొచ్చి, మధ్యాహ్నం బువ్వ మానుకొని, ఒక్కొక్క పిల్ల కన్నూ ఐపీస్ మీద ఆనించేదాకా వదలని లెక్చరర్లు మన జిల్లాలో ఉన్నారు. సిలబస్ వెనకబడిందని ముందు మెమో అందుకునేదీ వాళ్లే.

ఇక ఆ ప్రాక్టికల్ పరీక్ష ఉందే, అది నాటకాల్లోకెల్లా రమ్యం. ఏళ్ల తరబడి బోటనీకి 30 మార్కులు, జువాలజీకి 30 అని నడిచిన వేడుక. ఎక్స్‌టర్నల్ వస్తారు. ముందు టీ, బిస్కెట్లు. మైక్రోస్కోపుల కింద పర్మనెంట్ స్లైడ్లు అమర్చి, పేరున్న చీటీల మీద కాగితం అతికించి, ఏ, బీ, సీ అని అక్షరాలేస్తారు. పిల్లలు వరసలో వచ్చి చూస్తారు, ఐపీస్‌లోంచి కాదు, పక్కనుంచి. మూల విరిగిన స్లైడు ఏకదళబీజ వేరు. ఎరుపు వెలిసిపోయింది ద్విదళబీజ కాండం. చీటీకి జిగురు మరక ఉన్నది మొక్కజొన్న. ఈ రహస్యం సీనియర్ల నుంచి జూనియర్లకు ఏటా భక్తితో అందుతుంది. ఆ మూల విరిగిన స్లైడు పోగొట్టుకున్న ఏడాది ఏకదళబీజాల వర్గమే అంతరించిపోతుందేమో.

కాండాన్ని అడ్డంగా కోసి చూపమనడం కూడా ఉంది. గడ్డిచామంతి పాకాల స్టేషన్ పట్టాల పక్కనే కావలసినంత పెరుగుతుంది, నయాపైసా ఖర్చు లేదు. కొత్త బ్లేడు, తడి వేళ్లు, ఓపిక ఉంటే చాలు, కాగితం కన్నా పలచటి బిళ్లలు వస్తాయి. శాఫ్రనిన్‌లో ముంచితే దారువు నాళాలు ఎర్రగా వలయం కట్టి చూపులకు పండగ. పదో బిళ్లకు గానీ చెయ్యి కుదరదు. కానీ మొదటి బిళ్ల కోసే లోపలే గంట కొట్టేస్తారు. అటెండర్ ముందే కోసిపెట్టిన బిళ్లలు వాచ్ గ్లాసులో తేలుతుంటాయి. ఆ అటెండర్‌కే ఎంబీబీఎస్ సీటివ్వొచ్చు, చెయ్యి అంత కుదురు.

సీటు మాట వచ్చింది కాబట్టి అసలు దేవుడి దగ్గరికి పోదాం. నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు, అందులో సగం, అంటే 360, జీవశాస్త్రానివే. ఆ 360లో మైక్రోస్కోపు తాకినందుకు ఒక్కటంటే ఒక్క మార్కు లేదు. మార్కు లేని చోట మన చదువుల వ్యాపారం చీపురు కూడా వేయదు. లక్షలు దాటే ఫీజులు తీసుకొని, ఏసీ గదుల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా బిట్లు తోమించే చోట, ల్యాబ్ అనేది తనిఖీ రోజుకు పుట్టి తనిఖీ రోజే పోతుందని, మైక్రోస్కోపులు కూడా అద్దెకు తిరుగుతాయని పాకాల స్టేషన్ బెంచీల మీద కూర్చుని పిల్లలు నవ్వుకుంటారు. ఆ నవ్వులో అబద్ధం ఎంతో నాకు తెలియదు గానీ, నవ్వు మాత్రం నిజం.

ఆ బిట్లు తోమే పిల్లవాణ్ని మైటోకాండ్రియా ఏమిట్రా అంటే కునుకులో కూడా ‘కణ శక్త్యాగారం’ అంటాడు. అక్కడ తయారయ్యేది ఏమిటంటే ఏటీపీ. ఆ ఏటీపీని కండరంలోంచి విడదీసి, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో లోకానికి చెప్పినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నాడు. భాస్వరం ఎంతుందో కొలవడానికి ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లోనే ఒక పద్ధతి కట్టారు, రంగు ముదురు లేతలను బట్టి లెక్క తేల్చేది. ఆ రంగు కంటితో చూసి తేల్చుకోవాల్సిందే. ఆ రోజుల్లో సుబ్బారావుకు గైడు దొరకలేదు పాపం.

అంతకు ముందు, మన తెలుగు నేల మీదే, 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టర్ ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. పంకా వేసుకుంటే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. చెమట కారి కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీస్ కూడా చిట్లింది. ఆ చిట్లిన అద్దంలోంచే దోమ పొట్ట గోడలో మలేరియా సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ మైక్రోస్కోపు ఇవాళ మన కాలేజీలో ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఐపీస్ చిట్లిందని రాస్ జీతంలో కోత పడేది. తుప్పు పట్టించినందుకు సంజాయిషీ. దోమల కొనుగోలుకు మూడు కొటేషన్లు ఏవని ఆడిట్ అభ్యంతరం.

శరీర నిర్మాణశాస్త్రానిదీ ఇదే కథ, కాకపోతే బీరువా బదులు మూలన వేలాడే ప్లాస్టిక్ అస్థిపంజరం. ఎముకలు 206 అని ఎల్‌కేజీ పిల్లకూ తెలుసు. నీ జత్రుక ఎక్కడుందో చూపరా అంటే బైపీసీ వీరుడు మోకాలు తడుముకుంటాడు. గుండె ఎక్కడంటే సినిమా హీరోలా ఎడమ చంక దగ్గర చెయ్యేస్తాడు. రెండు ఊపిరితిత్తుల నడుమ, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుందయ్యా అంటే అది సిలబస్‌లో ఉందా అని అడుగుతాడు. బొద్దింకను కోయడం పాపమని మానేశాం, మంచిదే, మూగజీవాలను ఊరికే చంపనక్కర్లేదు. దాని బదులు ఏమైనా చూపించామా అంటే, చార్టు. ఆ చార్టు కూడా తలకిందులుగా చుట్టి మూల పెట్టి ఉంటుంది.

నిజానికి పాకాలలో మంచి అనాటమీ ల్యాబ్ ఒకటి ప్రతి ఆదివారం తెల్లవారుజామునే తెరుచుకుంటుంది. మాంసం అంగడి. అక్కడి మనిషి కార్జం కోసేటప్పుడు చూడండి. దానికంటుకున్న చేదుతిత్తిని వేళ్లతో పట్టి, పగలకుండా విడదీస్తాడు, పగిలితే కూరంతా విషమని అతనికి తెలుసు. పైత్యరసం కాలేయంలో పుట్టి తిత్తిలో నిలవుంటుందనే పాఠానికి అంతకన్నా ప్రాక్టికల్ ఏముంది? గుండెకాయను నిలువునా చీల్చమంటే చీల్చి ఇస్తాడు. నాలుగు గదులూ కనబడతాయి. ఎడమవైపు కింది గది గోడ కుడిదానికి రెండింతలకు పైగా మందం. ఒళ్లంతటికీ రక్తం నెట్టేది అది, కుడిదానికి పక్కనున్న ఊపిరితిత్తుల దాకానే పని. వేలితో పట్టుకుంటే తెలిసే సంగతి ఇది. బోటి కడిగే ఇల్లాలికి మేక పొట్టలో నాలుగు అరలున్నాయని, ఒకదాని లోపలి పొర తువ్వాలులా ఉంటుందని ఎవరూ బిట్టు పేపరు ఇవ్వలేదు. వారమంతా జంతుశాస్త్రం బట్టీ పట్టిన కొడుకు ఆమె పక్కనే కూర్చొని, ముక్కు మూసుకొని, నెమరువేసే జంతువుల జీర్ణాశయం పేజీ వల్లె వేస్తుంటాడు.

మా ఊరు జంక్షన్. మూడు దిక్కులకు పట్టాలు పోతాయి, మూడు దిక్కులా మైక్రోస్కోపులే. ఈశాన్యంగా 40 కిలోమీటర్లకు అటూఇటూ పోతే తిరుపతి. 1960లో పెట్టిన ఎస్వీ వైద్య కళాశాల, ఆ దాపునే 2015లో మొదలైన ఐసర్, అక్కడ కణంలోని ప్రోటీన్లు కూడా రంగురంగుల్లో వెలుగుతాయి. కాట్పాడి వైపు రైలెక్కితే వేలూరు సీఎంసీ. ధర్మవరం లైనులో మదనపల్లె రోడ్డు దగ్గర దిగితే, 1915 నుంచి క్షయతో కుస్తీ పడుతున్న ఆరోగ్యవరం. కఫాన్ని స్లైడు మీద రుద్ది, వేడిచేసి, ఎర్రరంగు పట్టించి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు పూస్తే, ఆ నీలంలో ఎర్రటి పుల్లల్లా క్షయ బాక్టీరియాలు కనబడతాయి. 100 రెట్ల ఆబ్జెక్టివ్ కింద నూనెచుక్క వేసి వాటిని లెక్కపెట్టే ల్యాబ్ టెక్నీషియన్ కన్ను మీద ఎన్ని ప్రాణాలు నిలిచాయో. ఈ మూడు చోట్లకూ మా ఊరివాళ్లు పోతూనే ఉంటారు, పరుపుచుట్టలతో, టిఫిన్ క్యారియర్లతో, రోగి పక్కన తోడుగా. బయాప్సీ రిపోర్టు కోసం వరండాలో కూర్చుంటారు. మూడు చోట్లా మైక్రోస్కోపు మనల్ని చూస్తుంది. దాంట్లోంచి మనం చూసే వంతు మాత్రం రాదు.

డబ్బు లేదంటారా? విద్యార్థులు వాడే మామూలు మైక్రోస్కోపు ఖరీదు ఒక మోస్తరు సెల్‌ఫోనును మించదు. అదీ కష్టమంటే, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం కాగితం మడిచి చిన్న కటకం బిగించి చేసిన ఫోల్డ్‌స్కోప్ 2014 నుంచి లోకమంతా తిరుగుతోంది, దాని విడిభాగాలకు డాలరు కూడా కాదు. పదిహేడో శతాబ్దంలో డెల్ఫ్ట్ ఊళ్లో గుడ్డలమ్ముకునే లేవెన్‌హుక్ గోరంత కటకాన్ని సొంతంగా అరగదీసుకొని, తన పళ్ల పాచిలో తిరుగాడే ప్రాణులను చూశాడు. ఆయనకు డిగ్రీ లేదు, అఫిలియేషన్ లేదు. అదృష్టవంతుడు.

కాబట్టి లోటు డబ్బుది కాదు, స్టాక్ రిజిస్టర్‌ది. మైక్రోస్కోపు పగిలితే ఎవరి జీతంలో పట్టుకుంటారు? ఈ ఒక్క ప్రశ్న జీవశాస్త్రాన్నంతా బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బదిలీ అయిపోయిన లెక్చరర్ దగ్గరుంటుంది. ఈలోపు బీరువాలోని చెమ్మకు కటకం మీద బూజు పుడుతుంది. సాలెగూడు గీతలు గీసుకుంటూ, కణం కణంగా చీలుతూ, అద్దం పూతను తింటూ అది హాయిగా పెరుగుతుంది. ఆ ల్యాబులో కణవిభజన సక్రమంగా జరుగుతున్నది అక్కడొక్కచోటే. దాన్నైనా పిల్లలకు చూపిస్తారా అంటే చూపరు, కండెమ్ చేయడానికి కమిటీ వేయాలంటారు.

పగలడం సంగతికొస్తే, కవర్ స్లిప్పు గాజు చాలా పలచన. 40 రెట్ల ఆబ్జెక్టివ్ పెట్టాక పెద్ద మర తిప్పితే కటకం వెళ్లి దానికి తగిలి టక్కుమంటుంది. మర తేడా పిల్లలకు తెలిసేది ఆ చప్పుడుతోనే. ఒక్కో క్లాసుకు ఒక డబ్బా పగిలినా దాని ఖర్చు, ఎక్స్‌టర్నల్‌గారి మధ్యాహ్న భోజనంలో కోడిముక్కకు రాదు. అందుకే ఇంటర్ బోర్డువారికి నాదొక విన్నపం. తనిఖీకి వెళ్లినప్పుడు అద్దాలు మెరుస్తున్నాయా, కవర్లు తొడిగారా అని చూడకండి. స్టాక్ రిజిస్టర్ తెరిచి ‘పగిలినవి’ అన్న గడి దగ్గరికి పొండి. స్లైడ్లు సున్నా, కవర్ స్లిప్పులు సున్నా, బల్బులు సున్నా అని వరసగా సున్నాలు కనిపిస్తే, ఆ కాలేజీ ఇచ్చే టీ తాగకుండానే లేచి, గుర్తింపు రద్దు చేసి రండి.